సిరియాక్ అన్న మాట

ఆ తీరంలో ఎవరైనా గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూస్తుంటే ఏం చేస్తున్నావని అడగక్కర్లేదు. అడిగినా వచ్చే జవాబు ఒకటే, "ఎస్పేర్". మొగుడి పడవ కోసం ఎస్పేర్. చేపల బండి కోసం ఎస్పేర్. పొయ్యి మీద నీళ్లు మరగడానికి కూడా ఎస్పేరే. ఎదురుచూడటానికి అక్కడివాళ్లకి ఇంకో మాట లేదు. ఏనాడో ఓడల్లో వచ్చిన ఫ్రెంచి ముత్తాతలు మూటల్లో కట్టుకు తెచ్చుకున్న మాట అది. చుట్టుపక్కల పట్నాలన్నీ ఇంగ్లీషు అయిపోయినా, ఉప్పుగాలికి ఇళ్ల రంగులన్నీ వెలిసిపోయినా, అది మాత్రం అరగకుండా అలాగే ఉంది.

పుస్తకాల ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం వేరని ఒబెలీన్‌కి అరవై దాటాక గానీ తెలియలేదు. అప్పటిదాకా ఆమెకి ఏ పుస్తకంతోనూ పని పడలేదు. వయసంతా చేపల ఫ్యాక్టరీలో నిలబడి ముళ్లు తీయడంతోనే గడిచిపోయింది. భర్త ఫిర్మెన్ పోయాక, మందుసీసా మీద ఏం రాసుందో చదివి చెప్పే మనిషి ఇంట్లో లేక, చర్చి కింది గదిలో పెద్దవాళ్ల కోసం పెట్టిన బడిలో చేరింది. పెన్సిలుని చేప కోసే కత్తిలాగా గుప్పిటతో పట్టుకునేది. చదువు చెప్పే ఆమె క్యూబెక్ నుంచి వచ్చిన సన్యాసిని. ఒకరోజు ఎస్పేర్ అనే మాట పెట్టి తలా ఒక వాక్యం రాయమంది. ఒబెలీన్ నాలుక బయటపెట్టి మరీ కష్టపడి రాసింది, "పొద్దుట్నుంచి బస్సుని ఎస్పేర్" అని.

సిస్టర్ కళ్లజోడు జారిపోయేదాకా నవ్వింది.

"ఒబెలీన్, బస్సు మీద ఆశ పెట్టుకోవడం ఏంటమ్మా? ఎస్పేర్ అంటే ఆశ పడటం. స్వర్గం మీద ఆశ పడతాం, దేవుడి దయ మీద ఆశ పడతాం."

"స్వర్గం దాని టైముకి అదే వస్తది సిస్టర్. మా రోడ్డు మీదికి బస్సే రాదు. ఆశ దానికే కావాలి."

గదిలో ముసలివాళ్లంతా బల్లలు చరిచి నవ్వారు. ఒబెలీన్ ఇంటికొచ్చి ఆ సంగతి తమ్ముడు సిరియాక్‌కి చెప్పింది. సిరియాక్ పెళ్లి చేసుకోలేదు. ఫిర్మెన్ పోయాక అక్క ఒంటరిదైపోయిందని బట్టల సంచీతో వచ్చి వెనక గదిలో ఉండిపోయాడు. అతను నవ్వడం ఊళ్లో ఎవరూ ఎక్కువగా చూడలేదు. లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనులు సముద్రంలోకి దించడానికి వెళ్లే ప్రతిసారీ ఈ ఏడు అన్నీ ఖాళీగానే వస్తాయని చెప్పి పడవ ఎక్కేవాడు. ఆకాశం తేటగా ఉంటే తుఫాను దాక్కుందనేవాడు. అలాంటివాడు ఆ రోజు మాత్రం నవ్వాడు.

"అయితే నేను రోజూ ఆశ పడతానే ఉన్నానన్నమాట. నా బతుకులో ఆ ఒక్క పనీ చెయ్యలేదనుకున్నా."

ఆ తరవాత చాలా ఏళ్లకి, ఒక నవంబరు నెల చివర, సిరియాక్‌కి ఊపిరి అందకుండా పోయింది. మెట్టెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. శనివారం పొద్దున పెదాలు నీలంగా తిరిగేసరికి ఒబెలీన్ ఇంక ఆగలేదు. పక్కింటి లుజేర్ తన ట్రక్కులో ఇద్దర్నీ ఎక్కించుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కడమంటే ఆ ఇద్దరికీ చిన్నప్పటినుంచీ గుండెల్లో రాయి పడ్డట్టే. వాళ్ల నాన్న మార్క్ అక్కడే పోయాడు. దారి బాగోక ఇంట్లోవాళ్లు చేరేసరికి ఆలస్యమైంది. చివర్లో ఆయన ఏదో అన్నాడట, మళ్లీ మళ్లీ అన్నాడట. పక్కనున్న నర్సుకి ఫ్రెంచి రాదు. పాపం ఆవిడ మంచిదే, చెయ్యి పట్టుకుని "యెస్ డియర్, యెస్ డియర్" అంటూ ఉందట. తరవాత అమ్మ ముందు ఆ మాటని తనకి వినపడ్డట్టు పలికి చూపించింది. ఎవరికీ అర్థం కాలేదు. నీళ్లడిగాడో, ఎవరి పేరైనా పిలిచాడో, పడవ తాడు కట్టారా లేదా అన్నాడో. అమ్మ బతికున్నంతకాలం గిన్నెలు తోముతూ ఆ చప్పుడుని నోట్లో తిప్పుకుంటూనే ఉండేది, ఏదో ఒక మాటకి అతుకుతుందేమోనని. అతకలేదు.

అందుకే, ఇకనుంచి ఆసుపత్రిలో ఫ్రెంచిలో మాట్లాడతారని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఊరంతా ఒక రోజు చెప్పుకుని మర్చిపోయినా ఒబెలీన్ మర్చిపోలేదు. లోపలికి అడుగుపెట్టగానే ఆమె కళ్లు ఆ బోర్డు కోసమే వెతికాయి. బల్ల మీద ఆకుపచ్చగా ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది, ఇక్కడ మీ భాషలో సేవలు అడగవచ్చని.

బల్ల వెనక పిల్ల "హలో, బోంజూర్" అని రెండూ ఒకే ఊపిరిలో అంది.

"హలో" అన్నాడు సిరియాక్, అలవాటు కొద్దీ.

ఒబెలీన్ మోచేత్తో పొడిచింది. "బోంజూర్ అను."

"రెండూ అంది కదే. దగ్గరున్నది అందుకున్నా."

"ముందు హలో అన్నావంటే ఇంక అంతా ఇంగ్లీషే. నాన్న సంగతి మర్చిపోయావా?"

"నాకొచ్చిన ఇంగ్లీషు చాల్లే అక్కా. ఇన్నేళ్లు వాళ్ల పడవల్లోనే చేశాను. యెస్, నో, పుల్, వెయిట్. మునిగిపోకుండా ఉండటానికి ఇంతకంటే ఏం కావాలి?"

"ఇక్కడ మునగడం వేరు. గుండెల్లో ఎక్కడ పట్టేస్తందో చెప్పాలి. పుల్ అంటావా?"

"అంటే లాగేస్తాడు. పీడా పోద్ది." అంత మాటకే దగ్గొచ్చి బల్ల అంచు పట్టుకున్నాడు.

"నా మీద ఒట్టెయ్ సిరియాక్. ఇక్కడున్నన్నాళ్లూ నీ నోట ఒక్క ఇంగ్లీషు ముక్క రాకూడదు. సగం సగం మాటలు చెబితే సగం సగమే వింటారు. ఇది మన హక్కు. బోర్డు మీద రాసుంది, నేనే చదివాను."

"నీకు చదువొచ్చిన కాణ్ణించీ నీతో వేగలేక చస్తన్నాం" అన్నాడు గానీ, ఒట్టేశాడు. అక్క చెప్పిన మాట వినడం అతనికి అదే మొదలు.

పైన గదిలో మంచం మీద పడుకోబెట్టాక చక్రాల స్టాండు ఒకటి తోసుకొచ్చారు. దాని మీద అద్దంలాంటి తెర. తెరలో ఒక అమ్మాయి ముఖం. ఎక్కడో దూరాన పెద్ద నగరంలో కూర్చుని మాట్లాడుతోంది. ఆమె ఫ్రెంచి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసినట్టుంది.

"నమస్కారమండీ. నా పేరు నదేజ్. మీ మాటలు డాక్టరుగారికి, ఆయన మాటలు మీకు నేను చెబుతానండి."

సిరియాక్ దిండు మీద తల ఎత్తి చూశాడు. "నువ్వు ఎవరి తాలూకు పిల్లవమ్మా?"

"నేనాండీ? నేను అనువాదకురాలినండి."

"అది కాదు తల్లీ. మీ నాన్నెవరు, ఆయన నాన్నెవరు అని. నేను సిరియాక్, మార్క్ కొడుకుని, బతీస్త్ మనవణ్ణి. అట్లా చెప్పు."

ఆ అమ్మాయి నవ్వింది. "మా నాన్నగారు మీకు తెలియరండి. సముద్రం అవతల పుట్టారు."

"మేమూ అంతే. కాస్త ముందొచ్చాం."

డాక్టరు ఏమిటని అడిగాడు. ఆమె ఇంగ్లీషులో ఏదో చెబితే డాక్టరు కూడా నవ్వాడు. ఒబెలీన్ గుండెలో రాయి కొంచెం పక్కకి జరిగింది. నాన్న మంచం చుట్టూ ఎవరూ ఇలా నవ్వి ఉండరు.

డాక్టరు చెప్పింది మాత్రం నవ్వేది కాదు. ఊపిరితిత్తులకి నీరు పట్టింది, గుండె అలిసిపోయింది. కొన్నాళ్లు ఉంచుకుని చూస్తామన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు. రోగి పక్కన ఇంకొకరు పడుకోవడానికి చోటు లేదట. లుజేర్ కింద ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. సోమవారం బోనులు దించే రోజు. తీరం మీద పడవలన్నీ ఒకేసారి బయల్దేరతాయి, ముందెళ్లినవాడికి మంచి చోటు దొరుకుతుంది, ఆ చోటు మీదే ఏడాది బతుకంతా. ఈ రెండు రోజులూ రేవులో మనుషులకి తిండికి కూడా తీరిక ఉండదు.

ఒబెలీన్ తెర వైపు తిరిగింది. "నర్సమ్మకి చెప్పు తల్లీ. వీడు నా కోసం అడిగితే ఆ నిమిషమే ఫోను చెయ్యమను. ఏ వేళైనా సరే."

నదేజ్ చెప్పింది. నర్సు తల ఊపి ఒబెలీన్ భుజం మీద చెయ్యి వేసింది. "ఆయన మీ కోసం అడిగితే తప్పకుండా చేస్తారటండీ" అని నదేజ్ చెప్పింది.

"ఇంక నువ్వెళ్లు. వాడు కింద ఇంజను ఆపకుండా కూర్చున్నాడు, డీజిలంతా తగలెట్టేస్తన్నాడు" అన్నాడు సిరియాక్.

"నువ్వు పిలిస్తే వచ్చేస్తా. నాన్నలాగా చెయ్యకు."

"నాన్నకి అద్దంలో పిల్ల లేదుగా."

ఆదివారమంతా ఒబెలీన్ ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చర్చికి కూడా వెళ్లలేదు. కిటికీలోంచి చూస్తే రేవు దారి పొడుగునా బోనులు నింపుకున్న ట్రక్కులే. మధ్యాహ్నం లుజేర్ గుమ్మంలోకి తల పెట్టాడు, చేతులనిండా తాళ్ల మురికి.

"అత్తా, ఒక్క మాట చెప్పు చాలు. బోనులు పడవలో ఉన్నా సరే, వదిలేసి నిన్ను దిగబెట్టి వస్తా."

"ఫోను రానీరా. వస్తే నేనే రేవుకి పరిగెత్తుకొస్తా. రాకుండా నీ రోజు పాడు చెయ్యను."

"నువ్వు పరిగెత్తడం చూడాలని ఊరంతా టిక్కెట్లు కొంటారు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఫోను మోగలేదు. సాయంత్రం చీకటి పడబోతుండగా ఉండబట్టలేక తనే చేసింది. అప్పటికి లుజేర్ భార్య డొరిల్డా వచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆసుపత్రిలో ఎవరో ఇంగ్లీషులో ఎత్తారు. "ఫ్రెంచి" అంది ఒబెలీన్. కాసేపు పాట వినిపించింది. తరవాత నర్సు గొంతు, దాని వెనకే ఒక మగమనిషి గొంతు. ఈసారి నదేజ్ కాదు. ఇతని ఫ్రెంచి కూడా ఇస్త్రీ చేసిందే.

"మీ తమ్ముడుగారు నిలకడగా ఉన్నారండి. మంచి ఆశతో ఉన్నారని నర్సుగారు అంటున్నారు. పొద్దుటినుంచి ఆశగానే మాట్లాడుతున్నారట."

ఆశ అనడానికి అతను వాడింది చర్చిలో ఫాదరు ప్రసంగంలో వాడే మాట. ఊళ్లో ఇళ్లలో ఎవరూ ఆ మాట వాడరు.

"నన్ను రమ్మన్నాడా?"

అటువైపు ఇంగ్లీషులో గుసగుస. "రమ్మని అడగలేదటండీ. మిమ్మల్ని మాత్రం తలుచుకున్నారట. మీరంటే ఆయనకి ఎంతో ధైర్యమట."

ఒబెలీన్ ఫోను పెట్టేసింది.

"ఏమన్నారత్తా?" అంది డొరిల్డా.

"ఆశతో ఉన్నాడంట."

"ఎవరు?"

"సిరియాక్."

డొరిల్డా గరిటె పట్టుకుని అలాగే చూసింది. "మంచం తప్పు చూసుంటారు. మన సిరియాక్ మామేనా? మా పెళ్లినాడు పందిట్లో నిలబడి, ఇది నిలిస్తే చూద్దాం అన్నాడు."

"వాడే. నేనంటే ధైర్యమని కూడా అన్నాడంట."

"మందులో ఏదో కలిపారు. కాస్త మా అత్తగారికి కూడా తెప్పించాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాక కూడా ఒబెలీన్ గొంతులో సన్నటి చేపముల్లు ఇరుక్కున్నట్టు ఏదో మిగిలిపోయింది. మింగితే దిగదు, కక్కితే రాదు. అయినా రమ్మని అడగలేదన్నారు కదా, ఆశతో ఉన్నాడన్నారు కదా, అనుకుంది. చావుకి దగ్గరైనవాడు ఆశ పడతాడా ఎక్కడైనా. మెరుగవుతున్నాడేమో. మంగళవారం వెళ్తే సరిపోతుంది.

సోమవారం తెల్లవారకముందే ఊరంతా రేవులో ఉంది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పడవల దీపాలు ఉడకబెట్టిన గుడ్ల సొనల్లా పాలిపోయి కనపడ్డాయి. ఫాదరు గొడుగు కింద నిలబడి ఒక్కొక్క పడవ మీదా తీర్థం చల్లాడు. బోనులు ఇంటి ఎత్తున పేర్చుకుని పడవలు వరసగా కదిలాయి. లుజేర్ వెళ్తూ వెళ్తూ ఒబెలీన్ వైపు చెయ్యి చెవి దగ్గర పెట్టి ఫోను గుర్తు చూపించాడు. ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అక్కణ్ణించి ఒబెలీన్ డొరిల్డా వాళ్లింటికి వెళ్లింది. తన ఇంట్లో ఫోను మోగితే అక్కడికి వినపడుతుంది, మధ్యలో కంచె ఒక్కటే అడ్డం. ఆ రోజు ప్రతి ఇంట్లోనూ బంగాళాదుంపల రాపీయే. దుంపలు తురమాలి, గుడ్డలో వేసి నీరంతా పిండాలి, కోడి ఉడికించిన మరిగే రసం పోసి మళ్లీ పొంగించాలి. ఒబెలీన్ తురిమే పని అందుకుంది. లుజేర్ తల్లి ఉర్సూల్ మామ్మ కిటికీ దగ్గర కుర్చీలో శాలువా కప్పుకుని పొగమంచులోకి చూస్తూ కూర్చుంది.

"అత్తయ్యా, సూపు చల్లారిపోతంది. వచ్చి తాగండి" అంది డొరిల్డా.

"నేను రాను. మా లుజేర్‌ని ఎస్పేర్."

"ఇప్పుడేగా వెళ్లాడు. పొద్దుగూకితే గానీ రాడు."

"నాకు తెలీదా? వెళ్లిన కాణ్ణించే ఎస్పేర్ చెయ్యాలి. మధ్యలో మొదలెడితే లాభం లేదు."

డొరిల్డా నవ్వుతూ ఒబెలీన్ వైపు తిరిగింది. ఒబెలీన్ నవ్వడం లేదు. తురుముడుపళ్లెం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. వేలి కణుపు మీద తోలు లేచి, తెల్లటి తురుములో ఎర్రగా ఒక చుక్క పడింది.

"అత్తా, చెయ్యి."

ఒబెలీన్ వినలేదు. కళ్లజోడు జారేదాకా నవ్విన సిస్టర్ ఆమె కళ్లముందు నిలబడింది. బస్సు మీద ఆశ పెట్టుకోవడం ఏంటమ్మా. ఇస్త్రీ చేసిన ఫ్రెంచి మాట్లాడే పిల్లకి ఎస్పేర్ అంటే ఏమిటి? ఆశే. ఆ పిల్ల దాన్ని ఇంగ్లీషులో ఆశ అని నర్సుకి చెప్పింది. నర్సు ఇంగ్లీషులో ఆశ అని ఇంకొకడికి చెప్పింది. అతను దాన్ని ఫాదరు ప్రసంగంలోని మాటగా తిప్పి తన చెవిలో వేశాడు. తమ్ముడి నోట బయల్దేరిన మాట మూడిళ్లు తిరిగి, ఒక్కో ఇంట్లో ఒక్కో చొక్కా తొడుక్కుని వస్తే, గుమ్మంలో నిలబడినా తను పోల్చుకోలేకపోయింది. సిరియాక్ ఆశ పడలేదు. పుట్టి ఎన్నడూ పడలేదు.

"వాడు నన్ను ఎస్పేర్ అన్నాడు" అంది. "నిన్నంతా అదే అన్నాడు."

డొరిల్డాకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక పొయ్యి ఆర్పేసింది. "ముందు ఫోను చేద్దామా? వస్తన్నామని చెప్పమందాం."

"ఏం చెప్తారే వాళ్లు? ఇక్కణ్ణించి ఏది పంపినా అక్కడికెళ్లేసరికి ఇంకోటవుతంది. నేనే వెళ్లాలి."

లుజేర్ ట్రక్కు రేవులోనే ఉంది, తాళం అందులోనే ఉంది. ఆ రేవులో ట్రక్కుల తాళాలు ఎవరూ తియ్యరు. డొరిల్డా నడుపుతుంటే ఒబెలీన్ వేలికి వంటింటి గుడ్డ చుట్టుకుని పక్కన కూర్చుంది. మంచులో ముందున్న రోడ్డు కనపడటం లేదు. డొరిల్డా ముఖం అద్దానికి ఆనించి నడిపింది. దారి పొడుగునా ఒబెలీన్ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన అనుకుంది డొరిల్డా. చెవి పెట్టి వింటే, "వస్తన్నాన్రా, వస్తన్నా" అంటోంది.

ఆసుపత్రిలో మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు ఎదురొచ్చి "సారీ" అంది. ఒబెలీన్‌కి ఆ మాట తెలుసు. పొద్దున టిఫిను పళ్లేలు తీసుకెళ్తున్న వేళ పోయాడు.

ఆమె ఏడవలేదు. వెళ్లి చూసింది. కళ్లు మూశారు గానీ తల సరిచేసినట్టు లేదు. మెడ పక్కకి తిరిగి, గుమ్మం వైపే ఉంది.

చక్రాల స్టాండు తోసుకొచ్చారు. తెరలో నదేజ్. డాక్టరు నిలబడి నెమ్మదిగా చెప్పుకొచ్చాడు, గుండె ఆగిపోయిందని, బాధ పడకుండా చూశామని. నదేజ్ అదంతా ఫ్రెంచిలో చెప్పింది. ఒక్క మాట తప్పు లేదు. చెప్పడం అయిపోయాక ఆమె గొంతు కొంచెం మారింది.

"ఇది డాక్టరుగారి మాట కాదండి, నేనే చెబుతున్నాను. నిన్నా ఇవాళా ఆయన దగ్గర ఎక్కువసేపు ఉన్నది నేనే. చివరిదాకా ధైర్యం వదల్లేదండి. ఇవాళ పొద్దున గొంతు రాకపోయినా, ఇంకా ఎస్పేర్ అన్నారు. మా అక్క అనేవారు, ఎస్పేర్ అనేవారు. అక్కగారి కోసమైనా బతకాలని ఆశ పడుతున్నారని వీళ్లకి చెప్పాను. ఆ గుమ్మం వైపే చూసేవారు. అక్కడ వెలుతురు ఉంది కదండీ, దానికోసం అనుకున్నాను." అని కళ్లు తుడుచుకుంది.

ఒబెలీన్ ఆ ముఖం వైపు చూసింది. చిన్న పిల్ల. ఎక్కడో కూర్చుని, ఎవరి తాలూకో తెలియని ముసలివాడి కోసం ఏడుస్తోంది. ఊరుకుంటే ఆమె ఆ మాటని మంచి మాటగానే దాచుకుంటుంది. ఊరుకుందామనే అనిపించింది. కానీ అమ్మ గిన్నెలు తోముతూ నోట్లో తిప్పుకున్న ఆ చప్పుడు గుర్తొచ్చింది. నాన్న మాట ఎవరికీ దొరకలేదు. వీడి మాట దొరికింది, నలగకుండా, పూర్తిగా దొరికింది. దొరికిన మాటని తప్పు అర్థంతో పూడ్చిపెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు.

"నదేజమ్మా, మా ఊళ్లో ఎస్పేర్ అంటే ఎదురుచూడటం."

తెరలో ముఖం కదల్లేదు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకుంది ఒబెలీన్.

"నాకు తెలియదండి" అంది నదేజ్ చివరికి.

"నీకెట్టా తెలుస్తది తల్లీ? దానికి ఇంకో అర్థం ఉందని పుస్తకం చదివేదాకా మాకూ తెలీదు."

"అయితే నిన్న... పొద్దుటినుంచీ ఆయన..."

"నా కోసం చూశాడు."

డాక్టరు ఏమిటని అడిగాడు. నర్సు దుప్పటి మడత పెడుతూ తెర వైపు చూసింది. 

అప్పుడు ఒబెలీన్‌కి ఇంకోటి తట్టింది. తట్టగానే మంచం పట్టె పట్టుకుంది. యెస్, నో, పుల్, వెయిట్. వెయిట్ అనే మాట వాడికి వచ్చు. పడవ అంచున నిలబడి రోజూ అరిచిన మాట. ఎస్పేర్ బదులు వెయిట్ అన్నా చాలు, ఈ నర్సు ఆ నిమిషమే ఫోను చేసేది. వాడు అనలేదు. నీలం పెదాలతో, గొంతు పోయేదాకా, ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఆ ఒట్టు వేయించింది తనే, ఈ మేడ కిందే, ఆకుపచ్చ బోర్డు ముందు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"వాళ్లకి చెప్పు తల్లీ" అంది నదేజ్‌తో. "తిట్టడానికి కాదు. రేపు మా తీరం నుంచి ఇంకో ముసలాడొస్తాడు. వాడూ ఆ మాటే అంటాడు."

నదేజ్ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. ఒబెలీన్‌కి ఆ భాష రాదు. ఒక్క మాట కోసం చెవి ఒగ్గి నిలబడింది. చాలాసేపటికి వచ్చింది, "వెయిటింగ్". కొంచెం ఆగి మళ్లీ వచ్చింది. డాక్టరు తల దించుకున్నాడు. నర్సు చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. ఆమె మంచాన్ని కాకుండా గుమ్మాన్ని చూసింది, కిందటి రోజంతా ఎన్నిసార్లో తను నడిచొచ్చిన ఆ గుమ్మాన్ని.

"ఇంకేమైనా చెప్పమంటారా అండీ?" అని అడిగింది నదేజ్.

"ఏం లేదు. కాసేపు ఆ అద్దం అటు తిప్పమను."

నర్సు తెరని గోడవైపు తిప్పింది. డాక్టరు, నర్సు బయటికి వెళ్లారు. ఒబెలీన్ కుర్చీని మంచానికి అటుపక్కకి, గుమ్మం వైపుకి లాక్కుని, తమ్ముడి ముఖానికి ఎదురుగా కూర్చుంది. గుడ్డ చుట్టిన చేత్తో వాడి జుట్టు వెనక్కి దువ్వింది. "వచ్చాన్రా" అంది. ఆ తరవాత ఏం మాట్లాడిందో బయటికి వినపడలేదు.

డొరిల్డా గుమ్మంలో నిలబడింది. కొంతసేపటికి ఇద్దరు మనుషులు పొడుగాటి చక్రాల బండి తోసుకుంటూ వచ్చారు, మీద తెల్లటి దుప్పటి పరిచి ఉంది. ముందున్నతను ఆమెని చూసి గొంతు తగ్గించి, "హలో, బోంజూర్" అన్నాడు.

డొరిల్డా లోపలికి ఒకసారి చూసింది. ఒబెలీన్ పెదాలు ఇంకా కదులుతున్నాయి. బండికి అడ్డంగా చెయ్యి చాపి, "వెయిట్" అంది.

వాళ్లకి వెంటనే అర్థమైంది. బండి గోడవారకి జరిపి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.